చుక్క గుర్తు

ఎర్ర రైలు స్టేషన్లో నాలుగు నిమిషాలు ఆగుతుంది.
ఆ నాలుగు నిమిషాల్లోనే
చేతికర్రలూ, తడిసిన కుక్కా, మడత పెట్టడం రాని మ్యాపులూ
అన్నీ నా పసుపు బస్సులోకి ఎక్కాలి.
"ప్రా దాదైంట్‌కి వెళ్తుందా?" అని అడుగుతారు
ఆ పేరే నుదుటిన రాసుకుని నిలబడ్డ బస్సును.
వెళ్తుందమ్మా.
అక్కడితో రోడ్డు సరి, ఆ పైన మీ కాళ్లే.

హోటలువాళ్లిచ్చిన అతిథి కార్డు చూపిస్తారు,
టికెట్టు అక్కర్లేదని తెలిశాక
కొండ కూడా కాస్త పొట్టిగా కనబడుతుంది కాబోలు,
చిన్న చెప్పులతోనే ఎక్కేస్తారు కొందరు.

పదిహేడు మలుపులు.
తొమ్మిదో దాని దగ్గర బస్సు ఒక్క తిప్పుకు తిరగదు.
ముక్కు లోయ మీదికి చాపి, ఆగి,
వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు.
అప్పుడు కుక్క కూడా మాట్లాడదు.
దేవుణ్ణి నమ్మనివాళ్లు ఆ అరనిమిషం నన్ను నమ్ముతారు.
హారన్ కొడితే ఎదురొచ్చే కార్లు గోడకి ఒదుగుతాయి.
ఈ దారిలో నాదే పెత్తనం.
కింద రొట్టెల దుకాణం వరసలో నేనెవరో ఎవరికీ తెలీదు.

మంగళవారం, శుక్రవారం
లార్చ్ చెట్టు కింద, బోర్డు పక్కన
మెంగియా నిలబడి ఉంటుంది బుట్టతో.
చెయ్యెత్తదు. ఎత్తనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.
నా వెనక ఒంటి సీటు ఆమెది.
మందులు, పిండి, మేకల ఉప్పు, ఒక్కోసారి పత్రిక.
"ఆ శిఖరం పేరేంటండీ?" అని వంగి అడుగుతాడు ఒకాయన.
"బ్రూనా" అంటుంది, తడుముకోకుండా.
"దాని పక్కది?"
"స్టైలా."
ఆయన బుద్ధిగా పుస్తకంలో రాసుకుంటాడు
పోయిన ఏడు చచ్చిపోయిన రెండు మేకల పేర్లు.
నేను రోడ్డు చూస్తాను. రోడ్డే చూడాలి మరి.

స్టాపులో అద్దం వెనక సమయాల పట్టిక ఉంది.
అందులో మా బస్సు పక్కన ఓ చుక్క గుర్తు,
అడుగున చీమ తలకాయంత అక్షరాలు:
జూన్ రెండో శనివారం మొదలు
అక్టోబరు మూడో ఆదివారం వరకే.
సెలవులకొచ్చినవాళ్లు అంత కిందికి చదవరు.
మెంగియాకి అదే పంచాంగం.
మంచు ఎప్పుడు పడినా సరే,
ఆమెకు చలికాలం వచ్చేది ఆ ఆదివారం నాడే.

ఆఫీసులో ఏటా లెక్క తీస్తారు,
అతిథులు ఎంతమంది, కుక్కలెన్ని, సైకిళ్లెన్ని.
మెంగియాకి గడి లేదు.
ఓసారి సైకిళ్ల కింద ఒకటి కలిపాను.
ఎవరూ అడగలేదు.

ఈ ఏడు ఆఖరి ట్రిప్పు.
పైన ఎక్కినవాళ్లు ఎవరూ లేరు.
లార్చ్ ముళ్లాకులు పసుపు తిరిగి, గాలికి అద్దం మీద రాలి
వైపర్ కింద ఇరుక్కుంటున్నాయి.
మెంగియా పెట్టెతో ఎక్కింది,
ఒళ్లో గోడ గడియారం, శాలువాలో చుట్టి.
చెల్లెలింట్లో మేడ మీది గది, మళ్లీ జూన్ దాకా.
"మేకలు?"
"కింద రైతుకి ఇచ్చాను. తిరిగి అడగను."
అంతకన్నా ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.
శాలువాలో గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది.

తొమ్మిదో మలుపు.
ముక్కు లోయ మీదికి చాపాను.
సరిగ్గా అప్పుడే
టింగ్‌మని గంట.
తలమీద బోర్డు వెలిగింది: ఆగుతుంది.
బ్రేకు మీద కాలు పెట్టి వెనక్కి చూశాను.
"ఇక్కడా? ఇక్కడ దిగుతావా?"
"ఎందుకు దిగుతాను, దూరీ?
ముప్ఫై ఏళ్లుగా ఎక్కుతున్నా,
నువ్వూ నీ ముందువాడూ
ఒక్కరోజు కూడా నా చేత ఆ మీట నొక్కించలేదు.
మోగుతుందో లేదో చూద్దామని."

మోగింది, అన్నాను.
వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు తిప్పాను.
తలుపు తెరిస్తే గానీ ఆ బోర్డు ఆరదు.
ఇంకా ఎనిమిది మలుపులు, వంతెన, రంపపు మిల్లు,
స్టేషన్ దాకా
ఖాళీ బస్సులో ఎర్రగా వెలుగుతూనే ఉంది,
ఆగుతుంది, ఆగుతుంది అని.